చనిపోయిన వారి ఆస్తికి కోర్టు ద్వారా నిర్వాహకులు కావడం ఎలా?

వీలునామా రాయకుండా ఇంటి పెద్ద పోతే, కర్మకాండలు ముగియకముందే బ్యాంకు వాళ్లు, రొయ్యల మేత డీలరు, కౌలుదారు ఫోన్లు చేయడం మొదలుపెడతారు. అందరికీ జవాబు చెప్పే మనిషికి కోర్టు ఇచ్చే అధికారపత్రమే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్.

ముందు అది మీకు అవసరమో కాదో తేల్చుకోండి. పొలం ఒక్కటే ఉండి, వారసులంతా ఒక్క మాట మీద ఉంటే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో మ్యుటేషన్‌కు, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పుకు, వెళ్లవచ్చు. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల వరకే అయితే సక్సెషన్ సర్టిఫికెట్ సరిపోతుంది. వీలునామా లేనప్పుడు హిందువులకు, ముస్లింలకు, భారతీయ క్రైస్తవులకు ఈ లెటర్స్ తప్పనిసరి కాదు. కానీ నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల చెరువు, కావలిలో ఇల్లు, రెండు మూడు బ్యాంకుల్లో డబ్బు, వాటి మీద అప్పులు ఉంటే ఇదే మంచి దారి. వీలునామా ఉండి, దాన్ని అమలు చేసే వ్యక్తి పేరు అందులో లేకపోయినా ఇంతే.

మరణ ధ్రువపత్రం, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాల పత్రం), 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు), పాస్‌బుక్కులు, అప్పుల కాగితాలు పోగు చేయండి. వారసుల జాబితా దగ్గర మాత్రం తొందరపడొద్దు. హిందూ పురుషుడు పోతే భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు బతికున్న తల్లికీ సమాన వాటా ఉంటుంది. పెళ్లయిన ఆడపడుచునో, ముసలి తల్లినో వదిలేసిన పిటిషన్ తర్వాత ఇంటిల్లిపాదినీ కోర్టు చుట్టూ తిప్పుతుంది.

పిటిషన్ జిల్లా కోర్టులో వేయాలి. పోయినవారి నివాసం లేదా ఆస్తి ఎక్కడుందో దాన్ని బట్టి నెల్లూరా, ఒంగోలా అన్నది తేలుతుంది. 2022లో కందుకూరు లాంటి చోట్ల జిల్లాలు మారాయి కాబట్టి పరిధి ఏదో లాయరుతో ముందే ఖాయం చేసుకోండి. మరణించిన తేదీ, స్థలం, బంధువుల చిరునామాలు, మీకున్న హక్కు, ఆస్తి విలువ అందులో రాయాలి. భారతీయ వారసత్వ చట్టం, 1925 ప్రకారం మరణం తర్వాత 14 రోజులు గడవనిదే లెటర్స్ ఇవ్వరు. బంధువులకు నోటీసులు వెళతాయి. వాళ్లు అభ్యంతరం లేదని అఫిడవిట్లు ఇస్తే పని తేలికవుతుంది. ఎవరైనా ఎదురు తిరిగితే మాత్రం అది దావాగా నడుస్తుంది. చివర్లో జామీను, బాండు అడుగుతారు.

లెటర్స్ చేతికొచ్చినంత మాత్రాన ఆస్తి మీదైపోదు. ఆరు నెలల్లో ఆస్తులు, అప్పుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు ఇవ్వాలి. అందుకే వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి రశీదూ దాచండి. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత కోర్టు ఖర్చులు, ఆపైన మిగతా అప్పులు తీర్చాకే పంపకం. కోర్టు అనుమతి లేకుండా ఇల్లు అమ్మినా, తాకట్టు పెట్టినా, చెరువును ఐదేళ్లకు మించి లీజుకిచ్చినా, ఆస్తిలో హక్కున్న ఎవరైనా దాన్ని రద్దు చేయించవచ్చు.