కౌంట్ నార్మల్ అయ్యాక కూడా ఇమాటినిబ్ ఎలా వాడాలి

మా ఆయనకి సీఎంఎల్, అంటే రక్త క్యాన్సర్‌లో ఒక రకం. ఆయన మాత్రలు, రిపోర్టులు చూసుకునేది నేనే. ఈ జబ్బు కొత్తగా బయటపడ్డవాళ్లకి ముందుగా ఒకటే చెబుతాను: తెల్లకణాల కౌంట్ నార్మల్ అయింది కదా అని మీ అంతట మీరు ఇమాటినిబ్ మాత్ర ఆపకండి.

ఈ జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. ఏబీఎల్ ప్రోటీన్ మామూలుగా అవసరమైనప్పుడు పనిచేసి ఊరుకుంటుంది. బీసీఆర్‌తో అతుక్కున్నాక దానికి ఆగడమంటూ ఉండదు. 'పెరుగు, పెరుగు' అని కణానికి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. ఇమాటినిబ్ ఆ ప్రోటీన్‌లో ఏటీపీ (కణంలో శక్తినిచ్చే పదార్థం) చేరాల్సిన చోట తాను చేరి ఆ సంకేతాలను ఆపుతుంది. రక్తంలో మందు తగ్గితే అవి మళ్లీ మొదలవుతాయి.

మా ఆయన డోసు రోజుకి 400 మిల్లీగ్రాములు. పరగడుపున వేస్తే వికారం. అందుకే మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే, పెద్ద గ్లాసుడు నీళ్లతో ఇస్తాను. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండూ కలిపి వేయకూడదు. పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బడం, రాత్రి పిక్కలు పట్టేయడం చాలామందికి ఉండేవే, టెన్షన్ పడకుండా డాక్టర్‌కి చెప్పండి. ఆయాసం వచ్చినా, బరువు ఉన్నట్టుండి పెరిగినా మాత్రం ఆలస్యం చేయొద్దు. వేరే జబ్బుకి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ స్ట్రిప్ చూపించండి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దీన్ని రక్తంలో బాగా తగ్గించేస్తుంది.

ఖర్చు సంగతి: 2013లో సుప్రీంకోర్టు ఈ మందు మీద నోవార్టిస్ కంపెనీకి పేటెంట్ ఇవ్వడం కుదరదంది. మన హైదరాబాద్ నాట్కో కంపెనీ 'వీనాట్'తో పాటు జెనరిక్‌లు చాలా ఉన్నాయి.

రిపోర్టులో కౌంట్ కంటే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ (ఆ జన్యువు ఎంత మిగిలి ఉందో కొలిచే పరీక్ష) చూడండి. 'ఇంటర్నేషనల్ స్కేల్' (అన్ని ల్యాబులకీ ఒకే కొలత) అని రాసిన శాతమే లెక్క. మందు మొదలుపెట్టిన 3 నెలలకి 10 లోపు, 6 నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలని చూస్తారు. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. అంకె పెరుగుతుంటే డాక్టర్ మొదట అడిగేది మాత్రలు మానేశారా అనే. నిజం చెప్పండి. మానకుండా వేసినా పెరిగితే మ్యుటేషన్ టెస్ట్ (ఆ జన్యువులో కొత్త మార్పు వచ్చిందా అని చూసేది) రాస్తారు, దాన్నిబట్టి డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటి వేరే మందులకి మారుస్తారు.