అంతర్యుద్ధం గురించి పిల్లలకు ఒక కుటుంబం ఉత్తరాలతో చెప్పడం ఎలా?

అమెరికా అంతర్యుద్ధం పాఠం అనగానే 1861లో మొదలు, మధ్యలో లింకన్, గెటిస్‌బర్గ్, 1865లో ముగింపు. పిల్లలు బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. ఆ యుద్ధం దేనికోసం జరిగిందో వాళ్లకు తెలియాలంటే ఒక నాన్న రాసిన ఉత్తరం చదివించండి. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు ఇది బడిలో ఎలాగూ వచ్చే పాఠం. ఇంట్లో ముందే ఇలా చదివితే అక్కడ వాళ్లు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

నేను ఎంచుకునేది స్పాట్స్‌వుడ్ రైస్ కుటుంబం. రైస్ మిస్సోరి రాష్ట్రంలో, గ్లాస్గో అనే ఊరి ప్రాంతంలో పొగాకు పనిచేసిన బానిస. 1864 ఫిబ్రవరిలో యూనియన్ సైన్యంలో, అంటే బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో పోరాడుతున్న లింకన్ ప్రభుత్వ సైన్యంలో చేరాడు. ఆ సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్‌లోని బెంటన్ బ్యారక్స్ సైనిక ఆసుపత్రి నుంచి రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి కూతుళ్లు కోరా, మేరీలకు. రెండోది మేరీ యజమానురాలు కిట్టీ డిగ్స్‌కు.

ముందుగా మీరు చదవండి

మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బానిసత్వ విముక్తి పత్రాలను సంకలనం చేసిన ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో ఈ ఉత్తరాలు ఉచితంగా దొరుకుతాయి. చిన్నవే, కానీ కోపంతో మండుతున్నవి. నా బిడ్డను ఎంతకాలం అట్టిపెట్టుకుంటే అంతకాలం నరకంలో కాలతావని రైస్ ఆ యజమానురాలికి నేరుగా రాశాడు. పదేళ్లలోపు పిల్లలకైతే కథలా చెప్పండి. పెద్దపిల్లల దగ్గర ఆ కోపాన్ని మెత్తబరచకండి.

అక్షరదోషాలు చాలా ఉంటాయి, వాటిని దిద్దకుండానే చూపించండి. నల్లవాళ్లకు చదవడం, రాయడం నేర్పడాన్ని నిషేధిస్తూ మిస్సోరి 1847లో చట్టం చేసింది. అలాంటి చోట ఒక బానిస కలం పట్టాడని తెలిశాక ఏ పిల్లా ఆ తప్పులు చూసి నవ్వదు.

మొదటి రోజు: కూతుళ్లకు రాసిన ఉత్తరం ఒక్కటే

యుద్ధం అన్న మాట ఎత్తకండి, తేదీ చెప్పకండి. గట్టిగా చదివి వినిపించి, తెలుగులో చెప్పండి. మిమ్మల్ని నేను మరిచిపోలేదు అంటాడు. నా ప్రాణం పోయినా సరే, మిమ్మల్ని తెచ్చుకుంటాను అంటాడు. ఎనిమిది వందల మంది తెల్ల సైనికులు, ఎనిమిది వందల మంది నల్ల సైనికులు నది మీదుగా గ్లాస్గోకు బయల్దేరబోతున్నారు అంటాడు. మ్యాప్ తెరిచి, సెయింట్ లూయిస్ నుంచి మిస్సోరి నది వెంట గ్లాస్గో దాకా పిల్లల చేతనే వేలు పెట్టించండి.

అక్కడ ఒక ప్రశ్న వస్తుంది: వాళ్ల నాన్నే కదా, వెళ్లి తెచ్చుకోవచ్చుగా, సైనికులెందుకు? జవాబు చెప్పాలని మీకు నోరు దురద పెడుతుంది. ఆపుకోండి. ఆ ప్రశ్నతోనే పిల్లల్ని పడుకోనివ్వండి.

రెండో రోజు: యజమానురాలికి రాసిన ఉత్తరం

నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మేరీ నా బిడ్డ, దేవుడు నాకిచ్చిన హక్కు అంటాడు రైస్. అంతకుముందు ఒకసారి తన బిడ్డ కోసం నలభై డాలర్లు ఇస్తానన్నాడట. నువ్వు తీసుకోకపోవడమే మంచిదైంది అని ఇప్పుడు రాస్తున్నాడు. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపండి. సొంత కూతురికి డబ్బు కట్టడమేమిటని పిల్లలే అడుగుతారు. అప్పుడు చట్టం చెప్పండి: బానిస తల్లికి పుట్టిన బిడ్డ ఆ తల్లి యజమానికే ఆస్తి. తండ్రికి ఏ హక్కూ లేదు.

దాని వెనకే ఇంకో చిక్కు ఉంది. చాలా పాఠాలు దాన్ని దాటేస్తాయి. ఉత్తరాది మంచిది, దక్షిణాది చెడ్డది అని పిల్లలు సులువుగా గీత గీసేస్తారు. మిస్సోరి ఆ గీతలో ఇమడదు. అది బానిసత్వం ఉన్న రాష్ట్రం, అయినా యూనియన్‌ను వదిలి వెళ్లలేదు. లింకన్ 1863 జనవరి 1న చేసిన విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది, మిస్సోరికి కాదు. అంటే నాన్న యూనియన్ సైనికుడు, కూతురు మాత్రం యూనియన్ రాష్ట్రంలోనే చట్టం సాక్షిగా బానిస. మిస్సోరి బానిసత్వాన్ని రద్దు చేసింది 1865 జనవరి 11న, ఈ ఉత్తరాలు రాసిన నాలుగు నెలలకు. ఇది మీరు వివరించాల్సిన భాగం, తొందరపడకండి. కాగితం మీద నాన్న ఎక్కడ, కూతురు ఎక్కడ, ఎవరి చట్టం ఎక్కడ అని గీసి చూపిస్తే పన్నెండేళ్ల పిల్లలకు బాగానే అర్థమవుతుంది.

ఉత్తరాలు ఎలా మిగిలాయి?

కిట్టీ డిగ్స్ సోదరుడు ఆ రెండు ఉత్తరాలనూ మిస్సోరిలో యూనియన్ సైన్యాధిపతి జనరల్ రోజ్‌క్రాన్స్‌కు పంపుతూ ఫిర్యాదు రాశాడు. ఈ మనిషిని రాష్ట్రంలో ఉండనివ్వకూడదన్నది అతని కోరిక. అలా సైనిక రికార్డుల్లో చేరి అవి మనదాకా వచ్చాయి. నాన్నను శిక్షించాలని పంపిన కాగితమే అతని మాటను కాపాడింది. ఆ ఫిర్యాదు కూడా చదివించి, ఎవరు ఎవరికి రాస్తున్నారు, ఏం సాధించాలని రాస్తున్నారు అని పిల్లల్ని అడగండి. చరిత్ర చదవడంలో సగం పని ఆ రెండు ప్రశ్నలే.

ఒక్కటి మాత్రం చేయించకండి. నువ్వు బానిసవి, నువ్వు యజమానివి అని నాటకాలు వద్దు. బానిస పిల్లలా ఉత్తరం రాయమనడమూ వద్దు. వేరొకరి తాతముత్తాతలు పడ్డ బాధ మన పిల్లలకు ఆటవస్తువు కాకూడదు. బదులుగా రైస్‌ను, కిట్టీ డిగ్స్‌ను, ఆ సోదరుణ్ని ఎదురుగా కూర్చోబెడితే ఏం అడుగుతారో ఒక్కో ప్రశ్న రాయమనండి.

చివరగా మేరీ మాట

మేరీ దొరికిందా అని పిల్లలు మధ్యలో పదేపదే అడుగుతారు. దొరికింది, కానీ పాఠం ఇక్కడిదాకా వచ్చేవరకు ఆ సంగతి చెప్పకండి. 1937లో, ఎనభై అయిదేళ్ల వయసులో, సెయింట్ లూయిస్‌లో ఆవిడ తన చిన్నతనం గురించి చెప్పింది. ఒకప్పటి బానిసల జ్ఞాపకాలను ప్రభుత్వం సేకరించిన రోజులవి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో మేరీ బెల్ పేరుతో వెతకండి. నాన్నను వారంలో బుధ, శని రాత్రులు మాత్రమే ఇంటికి రానిచ్చేవారట. దెబ్బలతో నెత్తురోడుతూ వస్తే అమ్మ గాయాలు కడిగి మందు రాసి, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి పంపేదట. ఏడేళ్లకే మేరీని వేరే ఇంట్లో ముగ్గురు పిల్లల్ని చూసుకునే పనికి పెట్టారు. సైనికులంటే తనకు ఇష్టమని, నాన్న, అన్నదమ్ముడు, భర్త, కొడుకు అందరూ సైన్యంలో పనిచేసినవాళ్లేనని చెప్పుకుంది.

ఇది చదివేటప్పుడు ఒక జాగ్రత్త. నాన్న ఉత్తరం ఆయన చేతిరాత. మేరీ మాటలు ఇంకొకరు విని రాసుకున్నవి, యాసను తమకు తోచినట్టు అక్షరాల్లో పెట్టినవి. నల్లవాళ్లను కించపరిచే పదం కూడా అందులో ఉంది. కాబట్టి ఆ యాసను అనుకరిస్తూ చదవకండి. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పి, ఈ మాటలు ఎవరు రాసుకున్నారో కూడా పిల్లలకు చెప్పండి.