కాలేజీలో చేరి నెలైనా మనసు నిలవట్లేదా? ముందు శుక్రవారం సాయంత్రం ఏం చేస్తాండావో చూసుకో

తిరుపతిలో పదేళ్ల పైమాటే ఉండా, మొదట హాస్టల్లో, తర్వాత రీసెర్చ్ చేసుకుంటా, ఇప్పుడు బాలాజీ కాలనీ పక్కన రూమ్‌లో. అడ్మిషన్లు అయిన నెలకి ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లోడు తలుపు కొడతాడు, "అన్నా, నాకీ చదువు సెట్ కాదు, టీసీ తీసుకుని పోతా" అని. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడతాంది, అందుకే రాసి పెడతాండా.

సమస్య: క్లాసులో ఏమీ బుర్రకెక్కట్లేదు, తల బరువుగా ఉంటాది

దీనికి పెద్ద పెద్ద కారణాలు ఎతుక్కుంటారు గానీ, నేనడిగేది రెండే. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? "రెండున్నరకన్నా." పొద్దున టిఫిన్ తిన్నావా? "లేచేసరికి మెస్ మూసేశారన్నా." ఇంకేం చెప్పేది నీకు! వారం రోజులు పన్నెండు లోపల పడుకుని, నాలుగు ఇడ్లీలు తిని క్లాసుకి పో, అప్పటికీ అట్లే ఉంటే రా, మాట్లాడదాం. పది మందిలో నలుగురు మళ్లీ రారు.

సమస్య: సార్ చెప్పే ఇంగ్లీషు అర్థం కావట్లేదు

తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లకి ఇది మామూలే. నీకు రానిది సబ్జెక్టు కాదు, పేర్లు. రేపు చెప్పబోయే పాఠం ఈ రాత్రే తెలుగు అకాడమీ పుస్తకంలో ఒకసారి చదువుకుని పో, విషయం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషు మాట దానంతటదే అతుక్కుంటాది. రెండు నెలలు చేస్తే చాలు.

సమస్య: నెలన్నరైనా ఒక్క ఫ్రెండు లేడు, సోమవారం అంటేనే కడుపులో తిప్పుతాది

అసలు కథ ఇది. నిద్ర బాగుంటాది, తిండి బాగుంటాది, మార్కులు కూడా పర్లేదు, కానీ మనిషి మాత్రం ఎండిపోతా ఉంటాడు. ఎవుర్నడిగినా "హోమ్‌సిక్, అదే తగ్గుతాది" అంటారు. తగ్గదు. ఎందుకంటే మందు అనుకుని వాడేదే రోగాన్ని పెంచతాంది: ప్రతి శుక్రవారం ఇంటికి పోయే బస్సు.

మన పక్క ఊళ్లోళ్లకి వచ్చిన తంటానే ఇది. వైజాగ్ నుంచి వచ్చినోడు పోదామన్నా పోలేడు, ఏడ్చుకుంటానే ఈడే ఉండి నెలకి కుదురుకుంటాడు. మనకి చిత్తూరు 70 కిలోమీటర్లు, శ్రీకాళహస్తి, పుత్తూరు ఇంకా దగ్గర, బస్టాండుకి పోతే బస్సు రెడీగా ఉంటాది.

నాది పీలేరు వైపు. ఫస్ట్ ఇయర్లో శుక్రవారం మధ్యాహ్నం క్లాసుకే బ్యాగు తీసుకుని పోయేవాణ్ణి. భాకరాపేట ఘాట్ దాటేసరికి గుండెలో బరువంతా దిగిపోయేది, ఇంట్లో సంగటి, ఊరిబిండి, అమ్మ పక్కన కూర్చుని తినడం, స్వర్గమే అనుకో. సోమవారం పొద్దున బస్సులో చంద్రగిరి కోట కనపడిందంటే మాత్రం అరచేతులు చెమటలు పట్టేవి. ఆ హాయి నిజమేనప్పా, కాదనను, కానీ దురదని గోకినట్లే అది, గోకేటప్పుడు బాగుంటాది. ప్రతి సోమవారం కొత్తగా చేరినోడిలా మళ్లీ మొదట్నుంచి మొదలు. దానికి తోడు హాస్టల్లో జతలు కుదిరేది శని, ఆదివారాల్లోనే. బట్టలుతికే కాడ, రాత్రి పన్నెండుకి మ్యాగీ కాడ, క్రికెట్ కాడ. నువ్వొచ్చేసరికి వాళ్లు శనివారం జరిగిందేదో చెప్పుకుని నవ్వుకుంటా ఉంటారు, నీకేమో నిన్ను చూసే నవ్వుతాండారనిపిస్తాది. నాకిది తెలిసేసరికి ఒక సెమిస్టరే పోయింది.

ఇదే కారణమో కాదో తెలుసుకోవాలంటే నీ ఫోన్‌పేలో బస్సు టికెట్లు లెక్కపెట్టు. నెలలో మూడు దాటితే ఇదే.

ఏం చేయాలంటే, ఒకేసారి మానుకోవద్దు. వరసగా మూడు వారాలు ఈడే ఉండు, నాలుగో వారం పో. ముందే ఇంట్లో చెప్పేయ్, లేదంటే శుక్రవారం నాలుగింటికి అమ్మ "నీ కోసం నాటుకోడి తెప్పించినా నాయనా" అని ఫోన్ చేస్తాది, ఇంక నువ్వాగవు. మొదటి శనివారం సాయంత్రం ఘోరంగా ఉంటాది, మంచం మీద పడుకుని ఫ్యాన్ చూస్తా ఉంటావు. అప్పుడు రూమ్‌లో ఉండొద్దు. పక్క రూమోళ్లు కొండకి నడిచి పోతాంటే వెనకాలే పో. అలిపిరి నుంచి 3550 మెట్లు, గాలిగోపురం ఎక్కేలోపు అందరికీ ఊపిరి ఎగపోస్తాది, ఆడ కూర్చుని నీళ్ల బాటిల్ చేతులు మారేటప్పుడు "మీదే ఊరు బ్రో" అని ఎవుడో ఒకడు అడగతాడు. నువ్వు మాట వెతుక్కోవాల్సిన పని కూడా ఉండదు. దేవుడి మీద నమ్మకం లేనోణ్ణి కూడా తోలినా నేను, మోకాళ్లు పట్టేసినాయని తిట్టుకుంటా వచ్చినాడు, ఇద్దరు ఫ్రెండ్సుతో.

రెండో వారానికి సగం తగ్గుతాది, మూడో వారానికి ఇంటికి పోవాలనిపించినా పోకుండా ఉండగలవు.

మిగతావి

కోర్సే తప్పు తీసుకున్నానేమో అంటావా, ఫస్ట్ సెమ్ రిజల్ట్ చూసి ఆలోచించు, ఇప్పుడు కాదు. థైరాయిడ్, రక్తం తక్కువ, ఇవి కూడా ఉండొచ్చు, ఒక టెస్ట్ చేయించుకుంటే తెలిసిపోతాది. ర్యాగింగ్ అయితే నా దగ్గరికి కూడా రావద్దు, నేరుగా 1800-180-5522కి కొట్టు, యూజీసీ నంబరది. బతకాలనే అనిపించట్లేదంటే మూడు వారాలూ గీడు వారాలూ ఏమీ చూడొద్దు, 14416కి ఇప్పుడే ఫోన్ చెయ్, టెలీమానస్ అని మనసు బాగలేనోళ్ల కోసం గవర్నమెంటు పెట్టిన హెల్ప్‌లైనది, తెలుగులోనే మాట్లాడతారు, తర్వాత ఇంటికి పో, ఆ బస్సుని మాత్రం నేనాపను.

మెస్ సాంబారు బాగలేదంటే దానికి మందు లేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు పచ్చడి డబ్బా పెద్దది తెచ్చుకో, పక్క రూమోళ్లు కూడా తింటారు.