వేసవికి ముందు సబ్‌స్టేషన్ బ్యాటరీ బ్యాంకు: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఎండలు ముదిరాక వచ్చే మొదటి గాలివానకే ఫాల్టులు వరసపెడతాయి. అప్పుడు బ్రేకర్ ట్రిప్ కావాలంటే, అంటే లైను తెగ్గొట్టాలంటే, దాన్ని కదిలించే ట్రిప్ కాయిల్‌కు కరెంటు అందించాల్సింది బ్యాటరీ బ్యాంకే. అది చేతులెత్తేస్తే బ్రేకర్ కదలదు, ఫాల్టు కరెంటు మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. అందుకే ఈ పని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ముగించుకోవాలి. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో బ్యాటరీ రూములో బూస్ట్ చార్జింగ్ (ఎక్కువ వోల్టేజీతో చేసే చార్జింగ్) పెట్టడమంటే సెల్స్‌ను ఉడకబెట్టుకోవడమే.

ఇక్కడి లెక్కలన్నీ 110 వోల్టుల డీసీ సెట్టుకు: 2 వోల్టుల సెల్స్ 55, కెపాసిటీ 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు).

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. ప్యానెల్ మీటరు 121 వోల్టులు చూపిస్తోందంటే చార్జర్ బాగుందని అర్థం, బ్యాటరీ బాగుందని కాదు. ఫ్లోట్ మీద, అంటే బ్యాటరీని నిండుగా నిలిపి ఉంచే మామూలు చార్జింగ్ మీద, ఉన్నంతసేపూ లోడు మోసేది చార్జరే. మధ్యలో ఒక కనెక్టర్ తెగిపోయి ఉన్నా ఆ మీటరు ముల్లు కదలదు. నిజం తెలియాలంటే కంట్రోల్ రూముకు చెప్పి, లైన్ల మీద పనులేవీ లేని సమయం చూసుకుని, చార్జర్‌కు ఏసీ ఆపి, స్టేషన్ లోడు మీదే ఒక అరగంట ఉంచి ప్రతి సెల్ వోల్టేజీ విడిగా కొలవండి. మిగతావి 2.0 పైన నిలబడి ఉండగా ఒకటి 1.9కి జారుతోందంటే దొంగ దొరికినట్టే. ఏసీ ఆపగానే డీసీ బస్ వోల్టేజీ ఒక్కసారిగా కూలిపోతే క్షణం ఆగకుండా ఏసీ వేసి, కనెక్టర్లు, ఫ్యూజులు వెతకండి.

పూర్తి పరీక్ష పది గంటల రేటున చేయాలి: లోడ్ బ్యాంకుతో (పరీక్ష కోసం కరెంటు లాగే రెసిస్టెన్సుల పెట్టె) 20 ఆంపియర్లు. ట్యూబులర్ సెల్ (గొట్టాల్లాంటి పాజిటివ్ ప్లేట్లతో, నీళ్లు పోసే రకం) 1.85 వోల్టులకు రాగానే ఆపాలి. ఎనిమిది గంటలు కూడా రాకపోతే కెపాసిటీ 80 శాతం కన్నా తగ్గినట్టు, కొత్త సెట్టుకు ఇండెంటు పెట్టుకోవాలి. వేడిలో ఏ బ్యాటరీ అయినా కాస్త ఎక్కువ కెపాసిటీ చూపిస్తుంది కాబట్టి ఎండలో వచ్చిన ఫలితానికి ఉష్ణోగ్రత సవరణ చేయకుండా మురిసిపోకండి. పరీక్ష అయ్యేదాకా లోడుకు వేరే సెట్టు ఉండాలి. అయిపోయిన వెంటనే చార్జింగ్ పెట్టాలి. ఖాళీ బ్యాటరీని రెండు రోజులు అలా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ కరగదు.

గ్రావిటీ, అంటే నీటితో పోలిస్తే ఎలక్ట్రోలైట్ (సెల్‌లోని యాసిడ్ ద్రావణం) సాంద్రత, దగ్గర చాలామంది పొరబడతారు. స్టేషనరీ ట్యూబులర్ సెల్‌కు 27 డిగ్రీల దగ్గర 1.200 ఉండాలి. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు రీడింగుకు 0.0007 కలపాలి. ఎలక్ట్రోలైట్ 40 డిగ్రీల దగ్గర ఉండగా హైడ్రోమీటర్ 1.190 చూపించిందనుకోండి. తేడా 13 డిగ్రీలు, కలపాల్సింది 0.009, అంటే అసలు గ్రావిటీ 1.199. ఆ సెల్‌కు ఏ జబ్బూ లేదు. ఈ లెక్క వేయకుండా గ్రావిటీ తగ్గిందని యాసిడ్ పోసేవాళ్లున్నారు, అదే అసలు జబ్బు తెచ్చిపెడుతుంది. సెల్‌లోంచి ఆవిరైపోయేది నీరే, యాసిడ్ కాదు. నీళ్లు పోసిన వెంటనే తీసిన రీడింగు కూడా పనికిరాదు. చార్జింగ్‌లో బుడగలు లేచి కలిశాకే తీయాలి.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ లేదా డీఎం వాటర్ (ఖనిజాలు తీసేసిన నీరు). ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను, ఆర్వో నీళ్లు తాగడానికి మాత్రమే. వాటిలో మిగిలే క్లోరైడ్, ఇనుము ప్లేట్లను తినేస్తాయి. స్టీలు బకెట్ వాడొద్దు, ప్లాస్టిక్ క్యానే మేలు. చార్జింగ్‌కు ముందు ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే పోయండి. పై గీత దాకా నింపడం చార్జింగ్ అయ్యాకే. ముందే నింపితే ఎలక్ట్రోలైట్ వ్యాకోచించి వెంట్ ప్లగ్‌లోంచి పొంగుతుంది, ఆ యాసిడ్ తడి స్టాండు మీదుగా డీసీ ఎర్త్ ఫాల్టు (డీసీ పోల్ ఒకటి భూమికి తగలడం) తెస్తుంది. పాజిటివ్ నుంచి ఎర్త్‌కు, నెగటివ్ నుంచి ఎర్త్‌కు వోల్టేజీ కొలిస్తే రెండూ దాదాపు సమానంగా రావాలి. ఒకవైపు సున్నా, రెండోవైపు పూర్తి వోల్టేజీ వస్తే ఆ సున్నా వచ్చిన పోల్ ఎర్త్ అయినట్టు.

బూస్ట్‌లో కరెంటు కెపాసిటీలో పదో వంతు మించకూడదు, 200 ఏహెచ్‌కు 20 ఆంపియర్లు. సెల్‌కు 2.4 చొప్పున బ్యాంకు 132 వోల్టులకు చేరుతుంది. ఆ వోల్టేజీ రిలేలకు, ఇండికేషన్ ల్యాంపులకు నేరుగా తగలకుండా లోడు ఫ్లోట్ చార్జర్ మీదే ఉందో లేదో డీసీ బస్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూసుకోండి. గంట గంటకూ పైలట్ సెల్ (నమూనాగా ఎంచుకున్న సెల్) ఉష్ణోగ్రత రాయాలి. 45 దాటుతుంటే కరెంటు సగానికి తగ్గించండి, 50కి వస్తే ఆపేసి చల్లారనివ్వండి. వోల్టేజీ, గ్రావిటీ వరసగా మూడు గంటల రీడింగుల్లో మారకపోతే చార్జింగ్ పూర్తయినట్టు.

వీఆర్ఎల్ఏ సెల్స్ (సీలు వేసిన లెడ్-యాసిడ్ రకం) దారి వేరు. వాటికి నీళ్లు పోయలేం కాబట్టి వేడి చేసిన నష్టాన్ని పూడ్చలేం. ఉష్ణోగ్రత ఎనిమిది, పది డిగ్రీలు పెరిగి అలాగే ఉంటే ఆయుష్షు సగమవుతుంది. ఫ్లోట్ 2.25 అనుకుంటే, డిగ్రీకి సెల్‌కు 3 మిల్లీవోల్టులు తగ్గించాలి. 27 నుంచి 42కు పెరిగితే 55 సెల్స్‌కు కలిపి దాదాపు 2.5 వోల్టులు: 123.75 కాస్తా 121.3 కావాలి. ఈ పని చేసే సెన్సర్ సెల్ నెగటివ్ టర్మినల్‌కు అంటుకుని ఉండాలి. చార్జర్ ప్యానెల్ లోపల వేలాడుతుంటే అది కొలిచేది చార్జర్ వేడినే. తగ్గించకపోతే వేడికి కరెంటు, కరెంటుకు వేడి పెరిగి థర్మల్ రన్‌అవే దాకా పోతుంది. ఫ్లోట్ కరెంటు రోజురోజుకూ ఎక్కుతుండడం, కేసు ఉబ్బడం, కుళ్లిన కోడిగుడ్డు వాసన దాని గుర్తులు. అలా కనిపిస్తే చార్జర్ ఆపి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి మనుషులు బయటికి రావాలి. డీసీ సరఫరాకు మరో ఏర్పాటు చూసుకున్నాకే సెల్స్ జోలికి వెళ్లాలి.

హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. తేలిక వాయువు కాబట్టి కప్పు కింద చేరుతుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైనే ఉండాలి, గాలి లోపలికి కింది నుంచి రావాలి. దసరా ఆయుధపూజకు కర్పూరం, అగరొత్తులు గుమ్మం బయటే వెలిగించండి, అమ్మవారేం అనుకోదు. ఉంగరాలు, వాచీ, మెడలో గొలుసు తీసేసి, ఇన్సులేటెడ్ స్పానర్లతోనే టర్మినల్స్ ముట్టుకోవాలి. ఫ్యూజులు తీసినా సెల్స్ మధ్య వోల్టేజీ పోదు. వరస మధ్యలో ఒక కనెక్టర్ విప్పి బ్యాంకును ముక్కలు చేసుకుంటేనే నిశ్చింత.

తెల్లగా, పచ్చగా పూసిన టర్మినల్స్‌ను వంటసోడా నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి, ఆ నీళ్లు వెంట్ ప్లగ్‌లోకి పోకూడదు. ఆరాక పెట్రోలియం జెల్లీ పల్చగా రాయాలి. కంట్లో యాసిడ్ పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కంట్లో సోడా పోయొద్దు.

పని ముగించి తలుపు వేసే ముందు బూస్ట్ స్విచ్ ఫ్లోట్‌లోకి వచ్చిందా, బ్యాటరీ ఫ్యూజులు తిరిగి పెట్టారా అని ఇద్దరు విడివిడిగా చూసి లాగ్ బుక్కులో సంతకం చేయండి.