రెండో వెబ్‌క్యామ్‌కు చోటు లేదంటే

లినక్స్‌లో రెండు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు తగిలిస్తే ఒక్కోసారి మొదటిది చక్కగా నడుస్తుంది, రెండోది మాత్రం ‘పరికరంలో చోటు లేదు’ అనే అర్థం వచ్చే సందేశం చూపిస్తుంది. అది చదివి ఒక సాయంత్రమంతా హార్డ్ డిస్క్‌లో పాత సినిమాలు తుడిచేస్తూ కూర్చున్నాను. డిస్క్‌కు దీనితో సంబంధమే లేదు! నిండిపోయింది డేటా వెళ్లే యూఎస్‌బీ దారి.

640×480 సైజులో కుదించని వీడియోకు, సెకనుకు 30 ఫ్రేములైతే, ప్రతి సెకనుకూ దాదాపు 18 మెగాబైట్లు కావాలి. కానీ చాలా కెమెరాలు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, ఆ దారిలో అవసరాన్ని మించి చోటు ముందే పట్టేసుకుంటాయి. యూఎస్‌బీ 2.0లో రెండోదానికి ఇక మిగలదు.

అందుకే వీడియో ఫార్మాట్‌ను కుదించని వైయూవైవీ (YUYV) నుంచి కుదించి పంపే ఎంజేపెగ్ (MJPEG)కు మార్చండి. నాకు అంతటితోనే సరిపోయింది. కెమెరాలో ఆ సౌకర్యం లేకపోతే లినక్స్‌లో వెబ్‌క్యామ్‌లను నడిపే యూవీసీవీడియో (uvcvideo) డ్రైవర్‌ను తీసేసి, దాని ‘క్విర్క్స్’ (quirks) అనే సెట్టింగ్‌కు విలువ 128 ఇచ్చి మళ్లీ ఎక్కించండి. అప్పుడు కెమెరా అడిగినంత కాకుండా డ్రైవరే లెక్కగట్టి ఇస్తుంది. రెండింటినీ ఒకే హబ్‌కు గుచ్చి ఉంటే, ముందు ఒకదాన్ని నేరుగా కంప్యూటర్‌కే పెట్టి చూడండి. అయితే పక్కపక్క పోర్టులు లోపల ఒకే కంట్రోలర్‌కు (యూఎస్‌బీ పోర్టులను నడిపే చిప్‌కు) కలిసి ఉండవచ్చు, అప్పుడు దారి ఒకటే కాబట్టి తేడా కనిపించకపోవచ్చు.