నాలుగు జీబీ ర్యామ్‌తో మొరాయించిన కంప్యూటర్: నా అనుభవం

విజయనగరంలో మేము నడుపుతున్న డీటీపీ షాపులోని కంప్యూటర్, బ్రౌజరుతో పాటు ఫోటోషాప్ కూడా తెరిస్తే చాలు, ఒక విండో నుంచి మరొక విండోకు మారడానికే మొరాయించేది. అంతసేపూ హార్డ్‌డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూనే ఉండేది. వైరస్ స్కాన్, అనవసరపు ఫైళ్ళ తొలగింపు, విండోస్‌ను మళ్ళీ ఎక్కించడం, ఇవేవీ ఫలించలేదు.

దారి చూపింది టాస్క్ మేనేజర్, అంటే కంప్యూటర్‌లో ఏది ఎంత వాడకంలో ఉందో చూపే విండోస్ సాధనం. పని జరుగుతుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్ విభాగం చూడగా, మెమరీ వాడకం 90 శాతం దాటి ఉంది, డిస్క్ 100 శాతం వద్ద నిలిచిపోయి ఉంది. ర్యామ్ అంటే నడుస్తున్న పనుల సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ. అది నిండినప్పుడు విండోస్ అందులోని కొంత సమాచారాన్ని డిస్క్‌పై ఉండే పేజ్‌ఫైల్‌లోకి తరలించి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. ర్యామ్ నానోసెకన్లలో అందించేదాన్ని తిరిగే డిస్క్ వెతికి ఇవ్వడానికి మిల్లీసెకన్లు పడుతుంది, అంటే దాదాపు లక్ష రెట్ల ఆలస్యం.

టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలోనే, ర్యామ్ బిగించే రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉన్నట్టు కనిపించింది. పాత ర్యామ్‌పై అంటించిన చీటీ చదివి, అదే డీడీఆర్4 రకం, అదే వేగం గల మరో 4 జీబీ తెప్పించాను. కరెంటు వైరు తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా క్యాబినెట్ లోహాన్ని తాకి, ర్యామ్ గాడిని స్లాటులోని గట్టుకు సరిగ్గా ఆనించి, క్లిప్పు టక్కున పడేదాకా సమంగా అదిమాను. తర్వాత అవే పనులు చేసినా మెమరీ నిండలేదు, డిస్క్ కుదుటపడింది.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. మెమరీలో ఖాళీ ఉండగానే కంప్యూటర్ నెమ్మదిస్తుంటే కారణం వేరే ఉండవచ్చు. 32 బిట్ రకం విండోస్ 10 అయితే 4 జీబీకి మించిన ర్యామ్‌ను వాడుకోలేదు, కాబట్టి అదనంగా పెట్టినా ఫలితం ఉండదు.