సంగమేశ్వరం గుడి దగ్గరికి పడవలో ఎలా వెళ్లాలి?

సంగమేశ్వరం గుడి నంద్యాల జిల్లాలో, శ్రీశైలం డ్యాం వెనక నిలిచే కృష్ణ నీళ్లలో ఉంది. అందుకే ఈ ప్రయాణం మొదలయ్యేది పొద్దున పేపర్లో శ్రీశైలం డ్యాం నీటిమట్టం చూడటంతోనే. డ్యాం నిండితే 885 అడుగులు. అప్పుడు గుడి శిఖరంతో సహా నీళ్ల అడుగున ఉంటుంది. మట్టం 840 అడుగుల చుట్టుపక్కలకు దిగేసరికి శిఖరం బయటపడుతుంది. ఇది ఏటా ఒకే తేదీన జరగదు. మామూలుగా ఎండాకాలం మొదట్లో గుడి తేలితే, ఎగువన వానలు కురిసి కృష్ణకు వరద వచ్చేదాకా కనిపిస్తుంది.

నీళ్లు బాగా తగ్గాక నడిచే వెళ్లొచ్చు. నన్నడిగితే అంతకు ముందే వెళ్లాలి. శిఖరం బయట ఉండి, చుట్టూ ఇంకా నీళ్లున్న ఆ కొద్ది రోజులే పడవకు సరైనవి.

కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా వెళ్లాలి. తెలంగాణ వాళ్లకైతే కొల్లాపూర్ పక్కన సోమశిల రేవు ఉంది. బోట్లు తిరుగుతున్నాయో లేదో ముందు రోజే కనుక్కోండి.

పడవ ఎక్కే దగ్గర మాత్రం మొహమాటం వద్దు. 2007 జనవరిలో ఇదే కృష్ణలో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎన్నో ప్రాణాలు పోయాయి. అందుకే లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి. జాకెట్ ఇస్తే సీటు కింద పెట్టకుండా తొడుక్కుని, బెల్టులు బిగించుకోండి. జనం ఎక్కువైతే తర్వాతి ట్రిప్పు దాకా ఆగండి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు లేస్తే పడవ ఒరిగిపోతుంది, పిల్లలకు ఈ సంగతి ఒడ్డునే చెప్పాలి. ఎండాకాలం సాయంత్రాల్లో ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగి రండి.

గుడి దగ్గర పడుతుంటే "అన్నా, గోడ ఏ పక్కనుంది?" అని పడవ నడిపే ఆయన్ని అడగండి. పైకి కనిపించేది శిఖరమే అయినా, దాని చుట్టూ ప్రాకారం రాళ్లు నీళ్లలో జానెడు లోతునే ఉండొచ్చు. తెలిసినవాళ్లు వేగం బాగా తగ్గించి చుట్టూ తిప్పుతారు. తొందరపెట్టకండి. చేపల వలలకు కట్టిన తేలుడు బెండ్లు కనిపిస్తే వాటికి దూరంగా పోనివ్వమనండి, అవి ఒకరి కూడు.

కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి... ఏడు నదులు కలిసే చోటు ఇదని పెద్దలు చెబుతారు. గర్భగుడిలోని లింగం వేపమానుది. ఏళ్ల తరబడి ప్రతి ఏడూ నెలల పాటు నీళ్లలో నాని కూడా అది నిలిచే ఉంది. గుడిలోకి దిగే వీలున్న రోజైతే పాకుడు పట్టిన మెట్ల మీద చెప్పులు విప్పి మెల్లగా నడవండి. ఒండ్రులో చెక్కడపు రాయి ముక్క దొరికినా అక్కడే వదిలేయండి.

తిరిగొచ్చేటప్పుడు కర్నూలులో జగన్నాథ గట్టు ఎక్కండి. శ్రీశైలం ముంపు నుంచి తప్పించి, రాళ్లు తెచ్చి మళ్లీ నిలబెట్టిన మరో గుడి, రూపాల సంగమేశ్వర ఆలయం, అక్కడుంది. పొద్దున నీళ్లలో చూసిన శిఖరం ఇంకా కళ్లలో ఉండగానే దీన్ని చూడాలి. చీకటి పడకముందే చేరుకోండి.